నిప్పు పెంచిన అడవి

వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు దాటి పార్కు గేటులోంచి లోపలికి వెళ్ళగానే రోడ్డుకు రెండు పక్కలా పైన్ చెట్లు మొదలవుతాయి. కొంత దూరం పోయాక వాటిలో ఏదో తేడా ఉందని కంటికి తడుతుంది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. చాలాచోట్ల మనిషి దూరడానికి కూడా సందివ్వనంత ఒత్తుగా మైళ్ళ తరబడి నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ళ దగ్గర వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగిన పాత దుంగలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, అయిదు గంటలు కారు నడుపుకుంటూ ఇటు వచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ళలో సేద్యం తెలిసిన పెద్దవాళ్ళు ఈ చెట్లను చూస్తే ముందుగా అడిగే మాట, "ఇదంతా ఎవరు నాటారు?"

ఎవరూ నాటలేదు. 1988 వేసవిలో ఇక్కడి అడవి కాలిపోయింది. మంట దాటిపోయాక బూడిదమీద రాలిన విత్తనాలు ఆ తర్వాతి ఒకటి రెండేళ్ళలోనే మొలిచాయి. అందుకే ఇన్ని లక్షల చెట్లదీ ఒకే వయసు. కింద పడి ఉన్న దుంగలు ఆ మంటలో చచ్చిన వాటి తల్లులు.

యెల్లోస్టోన్‌కు ఎక్కువమంది వచ్చేది వేడినీటి గీజర్ల కోసం, బైసన్ మందల కోసం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఎప్పుడు ఎగజిమ్ముతుందో బోర్డు మీద చూసుకుని, ఫొటో తీసుకుని, తర్వాతి మజిలీకి బయల్దేరతారు. మధ్యలో గంటల తరబడి కిటికీలోంచి కనిపించే అడవిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఈ పార్కులో అన్నిటికన్నా గొప్ప కథ ఆ అడవిదే అనిపిస్తుంది. అగ్గి అడవికి శత్రువు అని చిన్నప్పటినుంచీ వింటూ వచ్చాం. ఆ మాటను ఇంత పెద్ద ఎత్తున, ఇంతమంది కళ్ళెదుట పరీక్షకు పెట్టిన చోటు ఇదే.

1872 మార్చి 1న ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోనే మొదటి జాతీయ పార్కు. విస్తీర్ణం సుమారు 22 లక్షల ఎకరాలు. ఎక్కువ భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉంది, అంచులు మోంటానాలోకి, ఐడహోలోకి చొచ్చుకుపోయాయి. ఇది రాకీ పర్వతాల నడుమ ఎత్తయిన పీఠభూమి. సగటు ఎత్తే సముద్రమట్టానికి 8,000 అడుగులు. సుమారు 6,40,000 ఏళ్ళ కిందట ఇక్కడ మహా అగ్నిపర్వతం పేలింది. ఆ తర్వాత కూడా విడతలు విడతలుగా లావా పారింది. ఆ లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి రయోలైట్. దాని నుంచి వచ్చిన మట్టిలో సారం తక్కువ, నీరు నిలవదు. పైగా ఏడాదిలో సగానికి మించి మంచు. ఇలాంటి నేలమీద బతకడానికి పెద్దగా పేచీ పెట్టని చెట్టు ఒకటుంది. అదే లాడ్జ్‌పోల్ పైన్. పార్కులో దాదాపు 80 శాతం అడవి అయితే, ఆ అడవిలో దాదాపు 80 శాతం ఈ ఒక్క చెట్టే.

ఈ చెట్టు బెరడు పలచన. ఒక మోస్తరు మంట తగిలినా చచ్చిపోతుంది. పార్కు ఉత్తరాన, కాస్త తక్కువ ఎత్తులో పెరిగే డగ్లస్ ఫర్ అలా కాదు. ముదిరిన డగ్లస్ ఫర్ బెరడు చాలా మందం. నేలమీద పాకే మంట దాని మొదలును నల్లగా మార్చి దాటిపోతుందే తప్ప చంపలేదు. మంటను తట్టుకోవడం ఒక పద్ధతి. లాడ్జ్‌పోల్ ఆ పద్ధతి పట్టలేదు. తాను చచ్చి, తన పిల్లలను గెలిపించే పద్ధతి దానిది.

ఆ ఏర్పాటంతా కాయలో ఉంది. లాడ్జ్‌పోల్ కాయలు రెండు రకాలు. మొదటి రకం మామూలు పైన్ కాయల్లాగే పండి, విచ్చుకుని, విత్తనాలు రాల్చేస్తాయి. రెండో రకం పండినా విచ్చుకోవు. వాటి రేకులను గట్టి రెజిన్ బంక అతికించి పట్టి ఉంచుతుంది. అలా మూసుకున్న కాయలు కొమ్మలకే ఏళ్ళ తరబడి వేలాడుతూ ఉంటాయి. ఏ ఏటి పంట ఆ ఏడు తినేయకుండా మన పల్లెల్లో జొన్నలు పాతరలో పోసి, కరువొచ్చిన ఏడాది మూత తీసేవారు. ఈ చెట్టు కూడా అంతే. ఏటికేడు విత్తనాలు కొమ్మలమీద దాచుకుంటూ పోతుంది. మూత తీసేది మంట. దాదాపు 45 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఆ బంక కరుగుతుంది. ఇక్కడి చల్లటి వేసవిలో కొమ్మలమీద అంత వేడి మామూలుగా పుట్టదు. మంట వచ్చినప్పుడు మాత్రం కొన్ని క్షణాల్లోనే పుడుతుంది. మంట అలల్లా కొమ్మలమీదుగా దాటిపోతుంది. కాయ పైపొర మాడినా లోపలి గింజలకు ముప్పు రాదు. రేకులు మెల్లగా విచ్చుకుంటాయి. రెక్కలున్న చిన్న చిన్న గింజలు వేడి చల్లారిన నేలమీదకు రాలుతాయి.

ఆ నేల వాటికి కావలసినట్టుగా తయారై ఉంటుంది. లాడ్జ్‌పోల్ మొలకకు నీడ పడదు. ఎండ కావాలి, ఆకుల మెత్త లేని ఒట్టి మట్టి కావాలి. నిండైన అడవి కింద ఆ రెండూ ఉండవు. మంట వచ్చి పైకప్పు తీసేసి, మెత్తను కాల్చేసి, అందులోని పోషకాలను బూడిద చేసి పరిచాకే ఈ మొలకకు చోటు దొరుకుతుంది. తల్లి చెట్టు నిలబడి ఉన్నంతకాలం పిల్ల ఎదగలేదు.

అన్ని చెట్లకూ మూసిన కాయలే ఉండవు. ఎత్తు పెరిగేకొద్దీ, అంటే దాదాపు 2,400 మీటర్లు దాటాక, మంటలు అరుదు. అక్కడి చెట్లలో మామూలు కాయలు కాసేవే ఎక్కువ. కిందికి వచ్చేకొద్దీ మూసిన కాయల వాటా పెరుగుతుంది. ఇంత చిన్న తేడా వల్ల, ఒకే మంటలో కాలిన రెండు చోట్లలో ఒకచోట మొలకలు పరుచుకోవడం, ఇంకోచోట పలచగా రావడం జరుగుతుంది. 1988 తర్వాత పరిశోధకులు లెక్కపెడితే కొన్నిచోట్ల హెక్టారుకు ఒక్క మొక్క కూడా లేదు. కొన్నిచోట్ల అయిదు లక్షలు దాటాయి.

ఇదంతా అర్థం కావడానికి మనుషులకు వందేళ్ళు పట్టింది. అంతకుముందు వేల ఏళ్ళపాటు ఈ ప్రాంతంలో తిరిగిన షోషోన్, క్రో, బ్లాక్‌ఫీట్, బానక్ వంటి తెగలకు నిప్పును వాడుకోవడం తెలుసు. పార్కు ఏర్పడ్డాక వాళ్ళను బయటికి తోశారు. వాళ్ళతోపాటు ఆ తెలివీ పోయింది. 1886లో పార్కు బాధ్యత తీసుకున్న అమెరికా సైన్యం వచ్చీ రాగానే చేసిన పని మంటలు ఆర్పడం. ఫెడరల్ ప్రభుత్వం తరఫున అడవి మంటలతో పోరాటం మొదలైంది ఇక్కడే. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో 30 లక్షల ఎకరాలు కాలి, 80 మందికి పైగా చనిపోయాక దేశమంతా అగ్గిని శత్రువుగా ప్రకటించింది. 1935 నాటికి అటవీ శాఖ నియమం ఎంత కఠినంగా తయారైందంటే, ఎక్కడ మంట కనిపించినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి తేవాలి.

ఆ ధోరణిని నిలదీసింది శాస్త్రవేత్తలే. 1963లో స్టార్కర్ లియోపోల్డ్ అధ్యక్షతన వచ్చిన నివేదిక, పార్కుల్లో సహజంగా జరిగే వాటిని జరగనివ్వాలని, అందులో నిప్పు కూడా ఒకటని చెప్పింది. 1972 నుంచి యెల్లోస్టోన్‌లో పిడుగు పడి అంటుకున్న మంటలు కొన్నింటిని, ఊళ్ళకూ భవనాలకూ ప్రమాదం లేనప్పుడు, కాపు కాస్తూ కాలనివ్వడం మొదలుపెట్టారు. 1987 వరకు అలా వదిలిన మంటలు 235. అన్నీ కలిపి కాల్చింది దాదాపు 34,000 ఎకరాలే. చాలావరకు వాటంతటవే అంటుకుని, కొద్దిగా కాలి, వాటంతటవే ఆరిపోయాయి. పద్ధతి బాగానే నడుస్తోందని అందరూ అనుకున్నారు.

తర్వాత 1988 వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో వానలు మామూలు కంటే ఎక్కువే పడ్డాయి. జూన్‌లో ఆగిపోయాయి. అంతకు ముందటి కొన్నేళ్ళుగా జూలైలో వానలు బాగా కురిసేవి కాబట్టి ఈసారి కూడా కురుస్తాయని అధికారులు ఎదురుచూశారు. కురవలేదు. పార్కులో రికార్డులు రాయడం మొదలయ్యాక అంత ఎండిన వేసవి మరొకటి లేదు. బట్టీలో ఆరబెట్టిన కలపలో తేమ 12 శాతం ఉంటుంది. ఆ వేసవిలో అడవిలో పడి ఉన్న మానుల్లో 7 శాతమే ఉంది. గడ్డిలో, పుల్లల్లో 2, 3 శాతానికి పడిపోయింది.

జూలై 21న, అప్పటికి దాదాపు 17,000 ఎకరాలు మంటల్లో ఉండగా, ఇక ఏ మంటనూ వదలకూడదని, అన్నింటినీ ఆర్పాలని పార్కు నిర్ణయించింది. నెలాఖరుకు అది 99,000 ఎకరాలైంది. ఆర్పాలని నిర్ణయించిన మర్నాడే, అంటే జూలై 22న, పార్కు పడమటి హద్దు అవతల కలప కొట్టుకునేవాళ్ళు పారేసిన సిగరెట్ ముక్క నుంచి ఒక కొత్త మంట మొదలైంది. నార్త్ ఫోర్క్ ఫైర్ అని దాని పేరు. మొదటి రోజు నుంచీ దాన్ని ఆర్పడానికే ప్రయత్నించారు. చివరికి ఆ ఏటి మంటల్లో అతి పెద్దది అదే అయింది. పార్కు మంటలను వదిలేయడం వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో పత్రికలు, రాజకీయ నాయకులు గట్టిగా నిందించారు. ఆ నింద సగం కూడా నిలవదు. పార్కులో కాలిన విస్తీర్ణంలో సగానికి పైగా కాల్చినవి పార్కు వెలుపల పుట్టి లోపలికి వచ్చిన మంటలు.

ఆగస్టు 20 శనివారం. పొడిగాలి పెనువేగంతో వీచింది. ఆ ఒక్క రోజే ఈ ప్రాంతంలో 1,50,000 ఎకరాలకు పైగా మంటల్లోకి వెళ్ళింది. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఆ రోజును బ్లాక్ సాటర్‌డే అంటారు. మంటలు రోజుకు 10 మైళ్ళ దాకా పరుగెత్తాయి. నిప్పురవ్వలు గాలిలో లేచి మైలుకు పైగా ముందుకు పడి కొత్త మంటలు రగిలించాయి. బుల్డోజర్లతో గీసిన గీతలను, రోడ్లను, నదులను దాటాయి. సెప్టెంబరు 7న నార్త్ ఫోర్క్ మంట ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరికి వచ్చింది. అక్కడ 1904లో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ ఉంది. నిలువెల్లా దుంగలతో కట్టిన మహా కట్టడం, పైకప్పు కూడా చెక్క పెంకులదే. ఆ పైకప్పుమీద నీళ్ళు చిమ్మే ఏర్పాటు అంతకు ముందటి ఏడాదే చేశారు. ఫైర్‌మెన్ దాన్ని తడుపుతూనే ఉన్నారు, చివరి ఘడియలో గాలి దిశ మారింది. ఇన్ మిగిలింది. దగ్గర్లోని కొన్ని క్యాబిన్లు కాలిపోయాయి. మర్నాడు, చరిత్రలో మొదటిసారి, పార్కు మొత్తాన్ని సందర్శకులకు మూసేశారు.

విడతల వారీగా 25,000 మంది పనిచేశారు. అందులో సైనికులు కూడా ఉన్నారు. 12 కోట్ల డాలర్లు ఖర్చయింది. అంతమంది కలిసి ఎన్నో భవనాలను కాపాడారు. మంటను మాత్రం ఆపలేకపోయారు. దాన్ని ఆపింది సెప్టెంబరు 11న పడిన తొలి మంచు, అది కూడా ఓ పావు అంగుళం. లెక్క తేలాక పార్కులో కాలింది 7,93,880 ఎకరాలు. అంటే 36 శాతం.

టీవీల్లో ఆ దృశ్యాలు చూసినవాళ్ళు యెల్లోస్టోన్ అయిపోయిందనే అనుకున్నారు. కాలిన చోట్ల మొక్కలు నాటాలని చాలామంది అడిగారు. పార్కు ఒప్పుకోలేదు. ఏమవుతుందో చూద్దామని వదిలేసింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రకృతి విషయంలో ఏ ప్రభుత్వ సంస్థ అయినా తీసుకున్న మంచి నిర్ణయాల్లో దీన్ని లెక్కపెట్టాలని నా అభిప్రాయం.

ముందు తేలిన సంగతి, అడవి మొత్తం ఒకేలా కాలలేదు. ఒక కొండ పూర్తిగా నల్లబడితే, పక్క కొండమీద నేల మాత్రమే మాడింది, దాని పక్కది పచ్చగానే ఉంది. చాలాచోట్ల మట్టి పైపొర దాటి వేడి లోపలికి దిగలేదు. అంగుళం కింద గడ్డి వేళ్ళు, దుంపలు, గింజలు బతికే ఉన్నాయి. మరుసటి వేసవికే బూడిదలోంచి గడ్డి లేచింది. గులాబీ రంగు ఫైర్‌వీడ్ పూలు, పసుపు ఆర్నికా పూలు విరగబూశాయి. బిక్‌నెల్స్ జెరేనియం అనే చిన్న పూలమొక్క గింజలు మంట కోసం మట్టిలో దశాబ్దాల తరబడి నిద్రపోతాయి. అవి కూడా లేచాయి. ఎవరూ అనుకోనిది ఆస్పెన్ చెట్ల సంగతి. రాకీ పర్వతాల్లో ఆస్పెన్ వేళ్ళ పిలకల ద్వారానే వ్యాపిస్తుందని, గింజ నుంచి మొలవడం బహు అరుదని పుస్తకాల్లో ఉండేది. 1989లో కాలిన నేలమీద, పెద్ద ఆస్పెన్లకు మైళ్ళ దూరంలో, గింజ నుంచి పుట్టిన ఆస్పెన్ మొలకలు వేలకొద్దీ కనిపించాయి.

జంతువుల్లో మంటలకు నేరుగా చనిపోయినవి, జనం భయపడినదానితో పోలిస్తే, తక్కువ. ఈ ప్రాంతం మొత్తంలో 345 ఎల్క్‌లు, 9 బైసన్లు, కొన్ని దుప్పులు, ఎలుగులు చనిపోయాయి. చాలావాటిని చంపింది పొగే. ఎల్క్‌లకు అసలు దెబ్బ తర్వాతి చలికాలంలో తగిలింది. కరువుకు మేత పోయింది, ఉన్న మేతలో కొంత కాలిపోయింది, చలి గట్టిగా పడింది. ఆ చలికాలంలో చాలా ఎల్క్‌లు చచ్చిపోయాయి.

కాలిన అడవిని వెతుక్కుంటూ వచ్చే ప్రాణులూ ఉన్నాయి. మెలనోఫిలా అనే నల్లటి పురుగుకు నడిమి కాళ్ళ దగ్గర చిన్న గుంటలుంటాయి. వాటితో అది మంట వేడిని దూరం నుంచే పసిగడుతుంది. పొగ ఆరకముందే వచ్చి, అప్పుడే కాలిన మానులో గుడ్లు పెడుతుంది. బతికున్న చెట్టయితే బంక కార్చి దాని పిల్లలను చంపేస్తుంది. చచ్చిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. అలాంటి పురుగుల పిల్లలను తినడానికి నల్లవీపు వడ్రంగిపిట్టలు వస్తాయి. అవి తొలిచి వదిలేసిన తొర్రల్లో నీలిరంగు బ్లూబర్డ్‌లు గూళ్ళు పెడతాయి. ఎత్తయిన చోట్ల వైట్‌బార్క్ పైన్ గింజలను కాకి జాతికే చెందిన నట్‌క్రాకర్ అనే పక్షి తెచ్చి, కాలిన ఖాళీ నేలలో దాస్తుంది. తినకుండా వదిలేసినవి మొలుస్తాయి. వచ్చే వైట్‌బార్క్ అడవి ఆ పక్షి వదిలేసిన గింజల్లో ఉంది.

ఇంత పెద్ద మంట ఎందుకు వచ్చిందన్నదానిపై ఇప్పటికీ ఒక కథ వినిపిస్తుంది. వందేళ్ళు మంటలు ఆర్పుతూ పోయారు, ఎండుకట్టె పేరుకుపోయింది, ఒక్కసారిగా అంటుకుంది అని. అమెరికాలో కొన్ని అడవులకు, ముఖ్యంగా తక్కువ ఎత్తులోని పాండెరోసా పైన్ అడవులకు, ఈ మాట నిజమే. అక్కడ కొన్నేళ్ళకోసారి చిన్న నేలమంట రావడం మామూలు. ఆర్పేస్తే కట్టె పేరుకుంటుంది. యెల్లోస్టోన్ పీఠభూమికి మాత్రం ఇది వర్తించదు. విలియమ్ రోమీ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఇక్కడి చెట్ల వయసులు, మంట మచ్చలు లెక్కపెట్టి, ఒకే చోట పెద్ద మంట తిరిగి రావడానికి 300 ఏళ్ళు, ఆపైన పడుతుందని 1988కి ముందే, 1982లో చూపించారు. ఇంత పెద్ద మంటలు ఇంతకుముందు వచ్చింది 1700 ప్రాంతంలో. 300 ఏళ్ళ లెక్కలో మనుషులు ఆర్పిన కొద్ది దశాబ్దాలు పెద్ద తేడా తేవు. 1988ని నడిపింది కరువు, గాలి.

ఇంకా వెనక్కి పోవడానికి చెరువు అడుగుమట్టి పనికొచ్చింది. పార్కు నడిబొడ్డున సిగ్నెట్ లేక్ అనే చిన్న సరస్సు ఉంది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదను గొట్టంతో తీసి, అందులోని బొగ్గు రేణువులను లెక్కపెట్టి, కాథీ విట్‌లాక్ బృందం 17,000 ఏళ్ళ మంటల చరిత్ర రాసింది. దాదాపు 10,000 ఏళ్ళ కిందట, వేసవి ఎండ ఇప్పటికన్నా తీవ్రంగా ఉన్నప్పుడు, వెయ్యేళ్ళకు పదికి పైగా మంటలు వచ్చేవి. తర్వాత వాతావరణం చల్లబడి, వెయ్యేళ్ళకు రెండు మూడుకు తగ్గాయి. ఇన్ని మార్పులు వచ్చినా దాదాపు 11,000 ఏళ్ళుగా అక్కడ లాడ్జ్‌పోల్ అడవే ఉంది. వందేళ్ళకోసారి కాలినా బతికింది, మూడు వందల ఏళ్ళకోసారి కాలినా బతికింది.

అందుకని ఈ అడవి విషయంలో అడగాల్సిన ప్రశ్న మంట ఎంత పెద్దది అని కాదు, ఎన్నేళ్ళకు తిరిగి వచ్చింది అని. 1988 నుంచి ఇక్కడి మొక్కలను ఏళ్ళ తరబడి లెక్కపెడుతూ వచ్చిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మోనికా టర్నర్ బృందానికి 2016లో ఆ ప్రశ్న ఎదురైంది. ఆ ఏడాది మేపుల్ ఫైర్ అనే మంట 1988లో కాలి మళ్ళీ మొలిచిన చోటుకే వచ్చింది. 28 ఏళ్ళ పిల్ల చెట్లవి. పచ్చగా, ఒత్తుగా ఉన్న కుర్ర అడవికి నిప్పు అంటదని అప్పటిదాకా నమ్మకం. అంటింది. కొన్నిచోట్ల పాత దుంగలతో సహా మొదళ్ళ దాకా కాలి బూడిదైంది. ఆ వయసు చెట్ల మీద మూసిన కాయలు తక్కువ, పాతరలో ఇంకా గింజలు నిండలేదు. 2019లో అచ్చయిన వాళ్ళ లెక్క ప్రకారం, రెండోసారి కాలాక మొలిచిన మొక్కలు మొదటిసారి మొలిచినవాటిలో ఆరో వంతే.

టర్నర్ కూడా పాలుపంచుకున్న 2011 నాటి అధ్యయనం మరో హెచ్చరిక చేసింది. భూమి ఇలాగే వేడెక్కుతూ పోతే, ఈ శతాబ్దం మధ్యనాటికి యెల్లోస్టోన్ ప్రాంతంలో పెద్ద మంటలు లేని ఏడాదే అరుదవుతుందని, వందల ఏళ్ళ విరామం 30 ఏళ్ళ లోపుకు పడిపోవచ్చని. వందేళ్ళ విరామాన్ని ఈ చెట్టు తట్టుకున్నట్టు సరస్సు అడుగు మట్టి సాక్ష్యం చెబుతోంది. ముప్పై ఏళ్ళ విరామానికి అలాంటి సాక్ష్యం లేదు. అలా జరిగితే ఇప్పుడు అడవి ఉన్న చాలాచోట్ల గడ్డిభూములు, పొదలు మిగులుతాయి. నిప్పంటే భయం లేని అడవిని కూడా మనం వేడి పెంచి ఓడించగలం. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఇక్కడ మన అడవుల గురించి ఒక మాట చెప్పాలి. యెల్లోస్టోన్ కథ విని, అయితే నల్లమలనూ కాలనివ్వొచ్చుగా అనేవాళ్ళుంటారు. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం, శేషాచలం అడవులు వేరే రకం. టేకు, మద్ది, ఏగిస, తునికి వంటి చెట్లు వేసవికి ఆకు రాల్చేస్తాయి. ఆ ఎండుటాకుల మీద మంట నేలబారున పాకుతుంది. కొత్త గడ్డి కోసమో, ఇప్పపువ్వు ఏరడానికో, తునికాకు చిగుళ్ళ కోసమో పెట్టినవి, బీడీ ముక్క నుంచి పుట్టినవి, ఇలా మంటల్లో అత్యధికం మనుషుల చేతుల మీదుగా వచ్చినవే. పెద్ద చెట్లు తట్టుకుంటాయి. మొక్కలు తట్టుకోవు. నిరుడు మొలిచింది ఈ వేసవిలో కాలితే, ఈ ఏడు చిగిర్చింది వచ్చే వేసవిలో కాలితే, ముసలి చెట్లు పోయాక వాటి చోటు నింపడానికి ఏమీ మిగలదు. అక్కడా ఇక్కడా లెక్క విరామానిదే. మన అడవుల్లో అది మరీ కుదించుకుపోయింది. ఎండాకాలానికి ముందు ఫైర్ లైన్లు గీసి, రాత్రింబవళ్ళు మంటల వెంట పరుగెత్తే మన అటవీ సిబ్బంది చేస్తున్నది సరైన పనే.

యెల్లోస్టోన్ వెళ్ళేవాళ్ళు ఈ కథను కళ్ళారా చూడాలంటే పెద్దగా దారి తప్పనక్కర్లేదు. గ్రాంట్ విలేజ్ సందర్శకుల కేంద్రంలో 1988 మంటల మీదే ప్రదర్శన ఉంది, ముందు అక్కడ ఒక గంట గడపండి. నోరిస్ నుంచి కెన్యాన్‌కు పోయే రోడ్డు మీద, 1984లో గాలివానకు చెట్లు నేలకూలి, నాలుగేళ్ళకు అవే కాలిన చోటు వస్తుంది. కారు ఆపి అక్కడి కుర్ర చెట్లు ఎంత ఒత్తుగా ఉన్నాయో చూడండి. దక్షిణ ద్వారం నుంచి వస్తే లూయిస్ నది లోయ గోడల మీద మంట పాకిన తీరు ఇప్పటికీ తెలుస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళు డన్‌రేవెన్ పాస్ నుంచి మూడు మైళ్ళు నడిచి 10,243 అడుగుల వాష్‌బర్న్ శిఖరం ఎక్కాలి. పైన మంటలు కనిపెట్టే గోపురం ఉంది, వేసవిలో ఇప్పటికీ మనిషి కాపలా ఉంటాడు. అక్కడి నుంచి చూస్తే ముదురాకుపచ్చ పాత అడవి, లేతాకుపచ్చ కుర్ర అడవి, మధ్య మధ్య గడ్డిభూములు అతుకులు అతుకులుగా కనిపిస్తాయి. ఏది ఎప్పుడు కాలిందో రంగును బట్టే చాలావరకు చెప్పొచ్చు. గాలి వీచే రోజు చచ్చి నిలబడిన చెట్ల కింద నడవొద్దు, అవి చప్పుడు లేకుండా కూలతాయి. ఎలుగులకూ తోడేళ్ళకూ 100 గజాలు, మిగతా జంతువులకు 25 గజాలు దూరంగా ఉండాలన్నది పార్కు నియమం.

కింద రాలిన పైన్ కాయ ఒకటి చేతిలోకి తీసుకుని, అది విచ్చుకున్నదో మూసుకున్నదో పిల్లలకు చూపించండి. చూపించాక అక్కడే వదిలేయండి, ఇంటికి తీసుకుపోవడం నిషేధం. ఇక రాత్రి గుడారం దగ్గర చలిమంట వేసుకుంటే, పడుకునే ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితేనే లేవండి. 1988లో అన్నిటికన్నా పెద్ద మంటను అంటించింది ఒక సిగరెట్ ముక్క, ఈ కుర్ర అడవికి ఇంకో మంట ఇప్పుడప్పుడే రాకూడదు.